అనుమతి అడగని కేక

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అందరికీ కళ్ళున్నాయి, అందరికీ నోళ్ళున్నాయి, కేక వేసే హక్కు మాత్రం కొందరికే ఉంది. ఇదేం అన్యాయమని అప్పుడే మూతి ముడుచుకోకండి పిల్లలూ. కథ ఇంకా మొదలే కాలేదు.

ఆ అడవి మధ్యలో ఒక వాగు ఉండేది. వాగు గట్టున ఒక పెద్ద నల్లమద్ది చెట్టు. చెట్టు మీద కొండముచ్చుల గుంపు కాపురం. చెట్టు కింద చుక్కల దుప్పుల మంద. కొండముచ్చుల సంగతి మీకు తెలుసుగా, సగం తింటాయి, సగం పారేస్తాయి. ఆ పారేసిన చిగుళ్ళూ కాయలూ కింద దుప్పులకు విందు. దుప్పులకు ముక్కు వాడి, కొండముచ్చులకు చూపు వాడి. పైనుంచి చిరుతపులి కనబడిందా, కొండముచ్చు 'ఖఖర్! ఖఖర్!' అని కేక వేస్తుంది. ఆ కేక చెవిన పడగానే దుప్పులు కాళ్ళకు బుద్ధి చెబుతాయి. తాతల నాటి నుంచీ అక్కడ ఇలాగే బతుకుతున్నారు.

అయితే ఆ కేక ఎవరు పడితే వాళ్ళు వేయడానికి లేదు. నల్లమద్ది చిటారున ఒక కొమ్మ ఉంది. దాని పేరు కేకకొమ్మ. దాని మీద కూర్చునే వాడు కేకరి. కేకరి ఎప్పుడూ మగవాడే. ఆడ కొండముచ్చులు కింది కొమ్మల్లో ఉండాలి. పిల్లలకు పాలివ్వాలి, పేలు చూడాలి, కాయలు కోయాలి. చిరుత కనబడితే మాత్రం నోరెత్తకూడదు. గబగబా పైకెక్కి కేకరికి విన్నవించుకోవాలి. ఆయన నిజమో కాదో విచారించి, నిజమైతే కేక వేస్తాడు.

"ఆడగొంతు సన్నం. పైగా ఉడత తోక ఊగినా చిరుత అనుకుంటారు" అని మగవాళ్ళు చెప్పేవారు. అసలు సంగతి నేను చెబుతాను వినండి. పండిన తునికిపళ్ళలో మొదటి వాటా కేకరిది. ఆ రుచి మరిగిన వాడు కొమ్మ దిగుతాడా?

ఆ రోజుల్లో కేకరి పేరు బూరప్ప. పేరుకు తగ్గట్టే గొంతు పెద్దది. పొట్ట అంతకంటే పెద్దది. బూరప్పకు ఒక మేనకోడలు ఉంది. పేరు చురుకి. ఆ గుంపు మొత్తంలో చురుకి చూపంత వాడి చూపు ఇంకొకరికి లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ అనేవారు కాదు.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. చురుకి కింది కొమ్మ మీద కూర్చుని చెల్లెలి పిల్లకు పేలు చూస్తోంది. సరిగ్గా ఆ కొమ్మ కింద తన స్నేహితురాలు చుక్కమ్మ మేస్తోంది. చుక్కమ్మ ఆడ దుప్పి. మొదటి కాన్పు. ఇరవై రోజుల పిల్ల తల్లి కాళ్ళ సందున దాక్కుని ఆకులతో ఆడుకుంటోంది.

ఇంతలో వాగు పక్కన గడ్డి కదిలింది. గాలి లేదు. అయినా కదిలింది.

చురుకి చూసింది. అరవబోయింది. అరవబోయి, రెండు చేతులతో తన నోరు తనే నొక్కుకుంది. చిన్నప్పటి నుంచీ నేర్పింది అదే కదా. కొమ్మ మీంచి కొమ్మకు దూకుతూ చిటారుకు పరిగెత్తింది.

"మామా! వాగు దగ్గర చిరుత!"

బూరప్ప ఒక కన్ను తెరిచాడు. "చూశావా?"

"గడ్డి కదిలింది మామా."

"గడ్డిని చూశావా, చిరుతను చూశావా?"

"గడ్డినే. కానీ గాలి లేదుగా!"

"గాలి ఉందో లేదో నువ్వు తేలుస్తావా? తోక కనబడిందా? పోనీ మచ్చలు?"

"నీ కాళ్ళు పట్టుకుంటా మామా, ముందు కేక వెయ్యి. తర్వాత ఎన్నయినా అడుగు!"

"నాకే పని నేర్పుతున్నావా?" అంటూ బూరప్ప తీరిగ్గా లేచాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. అప్పుడు అడవి అదిరిపోయేలా కేక వేశాడు.

గొప్ప కేకే. కానీ అప్పటికే పని అయిపోయింది. మంద అంతా చెల్లాచెదురైంది. చుక్కమ్మ ఒక్కతే అక్కడ నిలబడి ఉంది. కాళ్ళ సందున పిల్ల లేదు.

సాయంత్రం పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. చురుకి ఆలస్యంగా చెప్పింది, తప్పు చురుకిదే అని తేల్చేశారు. చురుకి తల వంచుకుని విన్నది. నిజంగా తనదే తప్పేమో అని కూడా అనుకుంది. పాపం, అందరూ ఒకే మాట అంటుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

మర్నాడు చుక్కమ్మ చెట్టు కిందికి వచ్చి తల ఎత్తి అడిగింది. "చురుకీ, నువ్వు ముందే చూశావా?"

"చూశానే."

"మరి ఎందుకు అరవలేదు?"

చురుకి నోరు తెరిచింది. 'నియమం' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఆ మాట అనడానికి సిగ్గేసింది. చివరికి ఇలా అంది. "ఇంకోసారి చూస్తే అరుస్తాను. నీ మీద ఒట్టు."

పదిరోజులు గడిచాయో లేదో చిరుత మళ్ళీ వచ్చింది. ఈసారి పొదల చాటు నుంచి, పొట్ట నేలకు ఆనించి, మెల్లగా పాకుతూ వచ్చింది. చురుకి చూసింది. ఈసారి పైకి పరిగెత్తలేదు. కూర్చున్న కొమ్మ మీదే నిలబడి నిండా ఊపిరి పీల్చుకుంది.

"ఖఖర్! ఖఖర్! ఖఖర్!"

తన గొంతు అంత గట్టిదని అప్పటిదాకా తనకే తెలియదు. కొండముచ్చులన్నీ గుడ్లు తేలేశాయి. పైన బూరప్ప చేతిలోని పండు జారి కిందపడింది. చుక్కమ్మ ఒక్క గెంతులో మాయమైంది. మిగతా దుప్పులు మాత్రం తలలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి.

మంద పెద్ద కొమ్ములయ్య చెవులు రిక్కించాడు. "ఎవరది? బూరప్ప గొంతు కాదే!"

"చురుకి అనుకుంటా అన్నయ్యా" అన్నాడు అతని తమ్ముడు.

"ఆడగొంతా? ఓస్, ఇంతేనా! మేయండి, మేయండి."

మేశారు. తమ్ముడు ఇంకో పరక నోట పెట్టుకునేలోపు చిరుత అతని మెడ పట్టేసింది.

వేటను ఈడ్చుకుపోతూ చిరుత చురుకి కొమ్మ కింద ఆగింది. నోట్లోది కింద పెట్టి మీసాలు నాకుకుంది. "అమ్మాయ్, ఇంత సుఖమైన అడవి నేనెక్కడా చూడలేదు. పైనవాడు విచారించిగానీ అరవడు. కిందివాడు విచారించిగానీ పరిగెత్తడు. ఇద్దరికీ నా నమస్కారాలని చెప్పు" అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే పంచాయతీ పెట్టారు. చెట్టు మీద కొండముచ్చులు, చెట్టు కింద దుప్పులు.

కొమ్ములయ్య ఏడుస్తూనే కోపంగా అన్నాడు. "కేకరి అరిచి ఉంటే నా తమ్ముడు పరిగెత్తేవాడు. ఈ అమ్మాయి అరిచి మమ్మల్ని అయోమయంలో పడేసింది!"

"నా గొంతు నీకు వినబడింది కదా కొమ్ములయ్యా?" అని అడిగింది చురుకి.

"వినబడింది."

"చిరుత వస్తోందనే అన్నాను కదా?"

"అన్నావు. కానీ నువ్వన్నావు!"

బూరప్ప గొంతు సవరించుకున్నాడు. "చురుకీ, అందరి ముందూ తప్పయిందని ఒప్పుకో. ఇంకెప్పుడూ నోరెత్తనని చెప్పు. అలా అయితే నీ కొమ్మ నీకుంటుంది. లేదంటే వాగు దాటి పో. మళ్ళీ ఈ చెట్టు ఎక్కొద్దు."

వాగు దాటి ఒంటరిగా బతకడమంటే మాటలు కాదు. ఒంటరి కొండముచ్చుకు వెనక నుంచి వచ్చే ఆపద కనబడదు. పక్కనే ముడుచుకు కూర్చున్న ముసలావిడ ఆమె చెవిలో గొణిగింది. ఆవిడ పేరు పండుతోక అవ్వ. బూరప్పకు కన్నతల్లి.

"తప్పయిందని అనేయవే తల్లీ. ఒక్క మాటేగా. ఈ పదిహేనేళ్ళలో నేనెన్ని చిరుతల్ని చూశానో నీకేం తెలుసు? కేకలన్నీ లోపలే మింగేశాను. బతికి లేనూ?"

"నువ్వు బతికావవ్వా. కింద మేసేవాళ్ళ మాటేమిటి?"

అవ్వ మొహం తిప్పుకుంది.

చురుకి లేచి నిలబడింది. "నేను చేసిన తప్పు ఒకటుంది. మొదటిరోజు అరవకుండా పైకి పరిగెత్తాను. దానికి చుక్కమ్మ కాళ్ళు పట్టుకుంటాను. అరిచినందుకు మాత్రం ఎవరి కాళ్ళూ పట్టుకోను."

అని కిందికి దిగి, చుక్కమ్మ కాళ్ళు తాకి, వాగు దాటి వెళ్ళిపోయింది.

అవతలి గట్టున ఒక ఇప్పచెట్టు ఉంది. చురుకి దాని మీద ఒంటరిగా ఉంది. ధైర్యంగా ఉందని చెప్పను. రెండు రోజులు తిండి మానేసి ఏడ్చింది. అనేయాల్సిందేమో, ఒక్క మాటేగా అని పదిసార్లు అనుకుంది.

మూడోరోజు తొలకరి పడింది. వానతోపాటే ఒక చాతకపక్షి వచ్చి పక్క కొమ్మ మీద వాలింది. ప్రతి ఏడూ సముద్రం దాటి వచ్చే పిట్ట అది. నాలుగు దేశాల నీళ్ళు తాగింది. చురుకి కథంతా విని పకపకా నవ్వింది.

"నవ్వుతావేం పిట్టమ్మా? నా కొంప మునిగితే!"

"నీ ఒక్కదానికే జరిగిందనుకుంటున్నావు చూడు, అందుకు. సముద్రం అవతల దుమ్ములగొండ్ల మందలున్నాయి. అక్కడ మందకు పెద్ద ఆడదే. ఏనుగులకు దారి చూపేది ముసలమ్మే. కరువొస్తే నీళ్ళెక్కడున్నాయో ఆమెకే గుర్తు."

"అక్కడ ఎప్పటి నుంచీ అంతేనా?"

"వాళ్ళకు ఎప్పటి నుంచీ అంతే. ఇంకో దేశంలో కోతులున్నాయి. అక్కడ నీలాంటిదాన్నే కొట్టి తరిమారు. నేను మూడేళ్ళ తర్వాత వెళ్ళేసరికి కాపలా కొమ్మ మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మరో చోట నిరుడు ఆడవాళ్ళు కూర్చున్న కొమ్మ ఈ ఏడు వెళ్ళి చూస్తే లేదు. మగవాళ్ళు విరిచేశారు."

"అయ్యో! మరి వాళ్ళేం చేశారు?"

"పక్క కొమ్మ ఎక్కారు."

చురుకి అడిగింది. "అలా ఎక్కినవాళ్ళకు ఆ కొమ్మ ఎవరిచ్చారు?"

చాతకం రెక్కలు దులుపుకుంది. "ఇవ్వడమేమిటి? ఇంత లోకం తిరిగాను, ఇవ్వడం నేనెక్కడా చూడలేదు. ఎక్కి కూర్చోవడమే చూశాను."

పిట్ట ఎగిరిపోయింది. చురుకి కళ్ళు తుడుచుకుని ఇప్పచెట్టు చిటారుకు ఎక్కి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే వాగు నీళ్ళలో చప్పుడు వినబడింది. చుక్కమ్మ వస్తోంది. వెనకాల మరో ఆరుగురు ఆడ దుప్పులు, వాళ్ళ పిల్లలు.

"కొమ్ములయ్య వద్దన్నాడు. అయినా వచ్చేశాం. ఇక నీ చెట్టు కిందే మేస్తాం. కానీ ఒక చిక్కుంది చురుకీ. బూరప్ప గొంతుకు పరిగెత్తడం వీళ్ళకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఆడగొంతు వింటే చెవులు వింటున్నాయి గానీ కాళ్ళు కదలడం లేదట" అంది చుక్కమ్మ.

"కదలకపోతే కదిలిద్దాం" అంది చురుకి.

ఇక చూడండి ఆ తమాషా. చిరుత లేకుండానే చురుకి కేక వేసేది, దుప్పులు పరిగెత్తడం నేర్చుకునేవి. మొదటిరోజు కేక వినగానే అందరూ ఆగి చుక్కమ్మ మొహం చూశారు. చుక్కమ్మకు ఒళ్ళు మండింది. "నా మొహంలో ఏముంది? పరిగెత్తండి!" అని కసిరింది. రెండోరోజు సగం మంది పరిగెత్తారు, సగం మంది సిగ్గుపడుతూ నిలబడ్డారు. మూడోరోజు రెండో ఖఖర్ నోట్లోంచి రాకముందే గట్టు ఖాళీ. ఆ రోజు చురుకి కడుపు నిండా తిన్నది.

అవతలి గట్టు నుంచి మగ కొండముచ్చులు ఇదంతా చూసి పెదవి విరిచారు. ఆడవాళ్ళు మాత్రం చూస్తూ ఊరుకోలేదు. ముందు చురుకి చెల్లెలు పిల్లను వీపున వేసుకుని వాగు దూకేసింది. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. "మేమెక్కడ కూర్చోవాలి? నువ్వే కదా కేకరివి" అని అడిగారు.

"నాకు ఆ పేరు వద్దు. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోండి. ఎవరు చూస్తే వాళ్ళు అరవండి" అంది చురుకి.

వానలు ముదిరాయి, గడ్డి ఏపుగా పెరిగింది. చిరుత ఇప్పచెట్టు వైపు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఖాళీ పొట్టతో పోయింది. ఒకసారి చురుకి చూసింది, ఒకసారి చెల్లెలు చూసింది, ఒకసారి నిన్నమొన్న వచ్చిన ఆవిడ చూసింది. చిరుతకు విసుగొచ్చి వాగు అవతలికి మళ్ళింది. అక్కడ విచారణలు జరుగుతాయి కదా, ఆకలి తీరుతుందని.

ఒక పొద్దున చురుకి ఇప్పచెట్టు మీద నుంచి చూస్తోంది. అవతల నల్లమద్ది కింద కొమ్ములయ్య మంద మేస్తోంది. వాళ్ళ వెనక గడ్డిలో పసుపు వీపు పాకుతోంది. పైన బూరప్ప అటు తిరిగి కూర్చుని తీరిగ్గా పండు వొలుచుకుంటున్నాడు.

అబద్ధం చెప్పను పిల్లలూ. ఒక్క క్షణం చురుకికి 'పోనీ' అనిపించింది. తనను తరిమేసిన వాళ్ళు వాళ్ళు. తన కేకను ఓస్ అన్నవాడు ఆ కొమ్ములయ్యే. కడుపులో కసి ఉంది, లేదని ఎలా అంటాను? కానీ ఆ మందలోనూ తల్లులున్నారు, కాళ్ళ సందుల్లో పిల్లలున్నారు. చురుకి ఊపిరి పీల్చుకుంది.

"ఖఖర్! ఖఖర్!"

వెంటనే చెల్లెలు అందుకుంది. మిగతా ఇద్దరూ అందుకున్నారు. వాగు మీదుగా నాలుగు గొంతులు ఒక్కటిగా వెళ్ళాయి.

కొమ్ములయ్య తల ఎత్తాడు. "ఆడగొం..." అన్నాడు. పక్కకు చూశాడు. పక్కన ఎవరూ లేరు. రోజూ గట్టు అవతల పరుగులు చూస్తున్న తల్లులు ఎప్పుడో పరిగెత్తేశారు. కొమ్ములయ్య మిగతా మాట మింగేసి వాళ్ళ వెనకే దూకాడు. చిరుత పంజా ఉత్త గడ్డి మీద పడింది. అప్పుడు పైనుంచి బూరప్ప కేక వినిపించింది. దాన్ని వినడానికి కింద ఎవరూ లేరు.

ఆ సాయంత్రమే బూరప్ప, కొమ్ములయ్య వాగు దాటి వచ్చారు. బూరప్ప ఇప్పచెట్టు కింద నిలబడి పెద్దరికంగా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు.

"చురుకీ, నీ మంచి ప్రవర్తన చూసి సంతోషించాం. ఇకనుంచి నువ్వూ కేక వేయడానికి అనుమతి ఇస్తున్నాం" అన్నాడు.

"అవును, మేమూ ఒప్పుకుంటున్నాం" అన్నాడు కొమ్ములయ్య, నేల చూపులు చూస్తూ.

"అయితే మూడు షరతులు. ఒకటి, పొద్దుటి పూట మాత్రమే అరవాలి. రెండు, కింది కొమ్మ మీద నుంచే అరవాలి. మూడు, వీలుంటే ముందు నాకు చెప్పి అరవాలి."

చురుకికి నవ్వాగలేదు. "మామా, ఈ షరతులు చిరుతకు కూడా చెప్పి వచ్చావా?"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. బూరప్ప మొహం కందగడ్డ అయింది. "ఎగతాళా? అనుమతి ఇస్తామని వస్తే!"

"నేను అడిగానా? నీ అనుమతి లేకుండానే నేను చూశాను. నీ అనుమతి లేకుండానే అరిచాను. పొద్దున ఈయన ప్రాణం దక్కింది కూడా నీ అనుమతి లేకుండానే. ఇప్పుడొచ్చి నా గొంతు నాకే ఇస్తానంటే ఎలా తీసుకోను మామా?"

"అయితే తాతల నాటి నియమం ఏం కావాలి? ఎవరు పడితే వాళ్ళు అరుస్తుంటే విచారించే వాడు ఎవడు? అసలు గొంతుకు ఒక..."

అంతలో అవతల నల్లమద్ది మీద నుంచి ఒక కేక వచ్చింది.

అది గట్టి కేక కాదు. బొంగురుపోయి, మధ్యలో దగ్గు కలిసి, విరిగి విరిగి వచ్చింది. "ఖ... ఖఖర్! ఖఖర్!" పదిహేనేళ్ళుగా కేకలు మింగిన పండుతోక అవ్వ మొదటిసారి నోరు తెరిచింది.

ఆడగొంతా మగగొంతా అని ఎవరూ అడగలేదు. తోక కనబడిందా, మచ్చలు కనబడ్డాయా అని ఎవరూ అడగలేదు. చుక్కమ్మ మంద ఒకవైపు దూకింది, కొమ్ములయ్య మరోవైపు దూకాడు. ఆడ కొండముచ్చులు పిల్లలను పట్టుకుని కొమ్మలు అందుకున్నారు. వాళ్ళందరికంటే ముందు ఇప్పచెట్టు చిటారుకు చేరి, మానును రెండు చేతులా వాటేసుకుని కళ్ళు మూసుకున్నది మాత్రం బూరప్పే.

చెట్టు కింద, ఇందాక వాళ్ళు నిలబడి వాదించుకున్న చోటే, చిరుత వచ్చి ఆగింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ దొరకలేదు. ఉసూరుమంటూ వెళ్ళిపోయింది.

తర్వాత బూరప్ప ఒక కన్ను తెరిచి, ఏడుపు గొంతుతో అవతలి గట్టు వైపు పిలిచాడు. "అమ్మా... నువ్వేనా?"

"నేనేరా అబ్బాయ్" అంది పండుతోక అవ్వ. "ఏం, విచారించకుండానే ఎక్కేశావే?"

నీతి: ఆపదను చూసిన కంటికి కేక వేసే హక్కు పుట్టుకతోనే ఉంటుంది. ఎవరో అనుమతి ఇచ్చే దాకా ఆగితే ప్రాణాలు పోతాయి, కాబట్టి అడగక్కరలేదు, అరవడమే.